ఎముక చిట్లినా ఆగని పరుగు: ఒక కేస్ స్టడీ

ఇది ఇన్‌స్టాగ్రామ్‌లో తన పరుగు వీడియోలు పెట్టే ఒక యువకుడి కేసు. రాయడానికి అతని అనుమతి తీసుకున్నాను. ఉద్యోగం, కుటుంబం, పోస్టుల్లోని మాటలు, ఇలా అతన్ని గుర్తుపట్టే వీలున్నవన్నీ మార్చేశాను. అతను పడ్డ ఇబ్బందిని మాత్రం ఉన్నదున్నట్టు ఉంచాను. కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా ఇలాంటి ఇబ్బందితో వచ్చేవాళ్లను ఈమధ్య తరచుగా చూస్తున్నాను. నా దగ్గరికి వచ్చేలోపే వాళ్లకు ఇంట్లోవాళ్లో స్నేహితులో "ఆ ఫోన్ పక్కన పడెయ్" అనో, "నువ్వు నువ్వులా ఉండు" అనో చెప్పే ఉంటారు. ఈ రెండు సలహాలూ ఎందుకు సరిపోవో ఈ కేసులో బాగా తెలుస్తుంది. నలుగురి ముందు మంచిగా కనబడాలనుకోవడం రోగం కాదు. ఆ నలుగురూ ఎవరో తెలియకపోవడం, వాళ్ల కంటపడని చోటంటూ జీవితంలో మిగలకపోవడం మనిషిని తినేస్తాయి.

ఎలా వచ్చాడు

వయసు ముప్పై లోపు. ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్స్ చూస్తాడు. నిద్ర పట్టడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్తే, రక్తపరీక్షలన్నీ చేయించి, తేడా ఏమీ లేదని నా దగ్గరికి పంపారు. పడుకునేసరికి ఒంటిగంట, మూడింటికల్లా మెలకువ, కళ్లు తెరవగానే చెయ్యి ఫోన్ మీదికి. ఆఫీసులో కూడికలు తప్పుతున్నాయి. వెనక నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే గుండె దడ. "ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు ఉంటుంది మేడమ్, ఎప్పుడూ అంతే" అన్నాడు.

గదిలోకి వస్తున్నప్పుడే కుడి కాలు కొద్దిగా కుంటడం గమనించాను. అడిగితే, "అది వేరే. చిన్న నొప్పి. దీనికీ దానికీ సంబంధం లేదు" అని మాట మార్చాడు.

నిరాశను కొలిచే పీహెచ్‌క్యూ-9, ఆందోళనను కొలిచే జీఏడీ-7 ప్రశ్నావళులు ఇచ్చాను. నిరాశ మధ్యస్థంగా, ఆందోళన తీవ్రస్థాయి అంచున ఉన్నాయి. పీహెచ్‌క్యూలో తొమ్మిదో ప్రశ్న ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనల గురించి. కాగితం మీద 'అస్సలు లేదు' అని గుర్తు పెట్టినా, నోటితో మళ్లీ అడగడం నా పద్ధతి. లేవన్నాడు. ఒక్క క్షణం ఆగి, "కానీ ఎవరైనా నా అకౌంట్ హ్యాక్ చేసి తీసేస్తే బాగుండు అనిపిస్తుంది" అన్నాడు. ఇన్‌స్టాగ్రామ్ మాట అప్పుడే మొదటిసారి వచ్చింది.

అకౌంట్ ఎలా పెరిగింది

మూడేళ్ల కిందట ఒక ప్రేమ చెడిపోయి, ఇంట్లోంచి బయటికి రాని రోజుల్లో పరుగు మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు అడుగుతుంటే మానేయకుండా ఉంటానని వీడియోలు పెట్టడం మొదలుపెట్టాడు. ఫోన్‌ను గోడకు ఆనించి తీసినవి, సగం ఫ్రేములో తల ఉండదు. చూసేది పాతికమంది స్నేహితులు. ఒకరోజు ఆయాసంతో ఆగిపోయి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, కెమెరా వైపు చూసి నవ్విన చిన్న రీల్ ఉన్నట్టుండి లక్షలమందికి చేరింది. ఫాలోవర్లు వందల్లోంచి వేలల్లోకి వెళ్లారు. పేరు కింద 'రోజూ పరుగు. ఆగేది లేదు.' అని రాసుకున్నాడు.

ఇందులో చెడు ఏమీ లేదని ఇక్కడే చెప్పాలి. ఆ అకౌంట్ అతన్ని మంచంలోంచి లేపింది. ముక్కూ ముఖం తెలియని మనుషులు అతన్ని చూసి నడక మొదలుపెట్టామని, బీపీ తగ్గిందని రాసేవాళ్లు. ఆ మెసేజీలు నాకు చదివి వినిపించినప్పుడు గొంతు వణికింది. అదంతా నటన అనుకుంటే అతనికి అన్యాయం చేసినట్టే.

అయితే ఫాలోవర్ల జాబితాలోకి క్రమంగా అందరూ వచ్చి చేరారు. మేనేజరు, ఆఫీసు క్లయింట్లు ఇద్దరు ముగ్గురు, అమ్మ, తమ్ముడు, చిన్నప్పటి స్నేహితులు, పరుగు శిక్షకులు, వదిలి వెళ్లిపోయిన అమ్మాయి స్నేహితురాలు, పైగా పేరు తెలియని వేలమంది. విడివిడిగా కలిస్తే ఒక్కొక్కరితో ఒక్కోలా మాట్లాడతాడు. అందరూ అలాగే చేస్తారు. ఇక్కడ అందరికీ కలిపి ఒకే మాట చెప్పాలి.

పోయినేడాది మోకాలి కింద ఎముకలో నొప్పి మొదలైంది. లెక్క చెయ్యకుండా పరిగెత్తాడు. స్కాన్‌లో ఎముక చిట్లిందని తేలింది. స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఒక్క దెబ్బకు విరిగేది కాదు, కోలుకునే సమయం ఇవ్వకుండా అదే చోట పదేపదే ఒత్తిడి పడితే వచ్చేది. ఆరు నుంచి ఎనిమిది వారాలు పరుగు బంద్ అన్నారు ఎముకల డాక్టరు.

అతను పోస్టులు ఆపలేదు. ఫోన్‌లో వాడకుండా మిగిలిపోయిన పాత క్లిప్పులు బోలెడు. వాటికి కొత్త క్యాప్షన్లు తగిలించి 'ఈరోజు పరుగు' అని పెట్టడం మొదలుపెట్టాడు. మొదట ఒకటి రెండు రోజులకే అనుకున్నాడు. "ఒక రోజు గ్యాప్ వస్తే పర్లేదు. కానీ ఎందుకు గ్యాప్ వచ్చిందో చెప్పాలి కదా. ఆగేది లేదు అని పైన రాసి ఉంది."

రెండు సంఘటనలు అతన్ని కుదిపేశాయి. ఒకటి, ఓ ఫాలోవర్ పెట్టిన కామెంట్: "అన్నా, ఈ నీలం బూట్లు అరిగిపోయాయి, పడేశాను అన్నారు కదా?" అడిగినవాడు అనుమానంతో అడగలేదు, అభిమానంతో అడిగాడు. అయినా ఆ రాత్రి తెల్లవార్లూ కూర్చుని, నీలం బూట్లు కనిపించే క్లిప్పులన్నీ వెతికి తీసేశాడు. ఆ కామెంటు కూడా తీసేసి, తీసేస్తే ఇంకా అనుమానం వస్తుందేమోనని మళ్లీ బాధపడ్డాడు.

రెండోది ఇంట్లో. అమ్మ అతని కాలికి ఐస్ పెట్టి, పక్కనే కూర్చుని ఫోన్ చూస్తూ, అప్పుడే వచ్చిన అతని వీడియో చూసింది. "ఇదెప్పుడు పరిగెత్తావురా?" అని అడిగింది. అతని దగ్గర జవాబు లేదు. తర్వాత ఆమె ఆ వీడియోకి లైక్ కొట్టింది. "తిట్టి ఉంటే బాగుండేది మేడమ్" అన్నాడు.

ఆ తర్వాతి వారం, పాత క్లిప్పులు అయిపోవస్తున్నాయన్న భయంతో, ఎవరూ లేని వేళ చూసి, పదిహేను సెకన్ల వీడియో కోసం చిట్లిన ఎముక మీద పరిగెత్తాడు. ఈ ఒక్క మాట దగ్గర నేను మిగతావన్నీ పక్కన పెట్టాను. ముందు కాలు కాపాడుకోవాలి. డాక్టరు సరేననేదాకా పరుగు లేదని, ఈ సంగతి ఫిజియోథెరపిస్టుకు తనే చెప్పాలని ఒప్పందం చేసుకున్నాకే ముందుకు వెళ్లాం.

నా అంచనా

దీన్ని సోషల్ మీడియా వ్యసనం అని రాయడం తేలిక. నేను రాయలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013 నాటి మానసిక రుగ్మతల జాబితా డీఎస్ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గానీ అలాంటి రోగనిర్ధారణ లేదు. ఐసీడీలో ఉన్నది గేమింగ్ రుగ్మత. పేరు సంగతి అటుంచి, వ్యసనం అనగానే ఇంట్లోవాళ్లు ఫోన్ లాక్కోవడమే వైద్యం అనుకుంటారు. ఇతని తమ్ముడు అప్పటికే ఆ ప్రయత్నం చేశాడు. ఆ రాత్రి అసలు నిద్రే లేదు, ఎవరేం రాస్తున్నారో తెలియక. సామాజిక ఆందోళన రుగ్మత కూడా కాదనిపించింది. మీటింగుల్లో మాట్లాడతాడు, కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోతాడు. భయమంతా ఆ అకౌంట్ చుట్టూనే.

అమెరికాలో పనిచేసిన సామాజిక శాస్త్రవేత్త అర్వింగ్ గాఫ్‌మన్ పరిశీలన ఇలాంటి కేసుల్లో నాకు ఎప్పుడూ పనికొస్తుంది. 1956లో పుస్తకంగా వచ్చింది. షెట్లాండ్ దీవుల్లోని ఒక హోటల్లో, భోజనాల గదిలో అతిథుల ముందు ఒకలా మసలే సిబ్బంది వంటగదిలోకి రాగానే ఎలా వేరే మనుషులవుతారో ఆయన దగ్గరుండి చూశాడు. తెర ముందు, తెర వెనక. వెనక చోటు ఉన్నందుకే ముందు పాత్ర నిలబడుతుంది. వెనక గదిలో విసుక్కోవచ్చు, తప్పు దిద్దుకోవచ్చు, ఊపిరి పీల్చుకోవచ్చు. ఇది మోసం అని ఆయన అనలేదు, మనుషులు కలిసి బతికే తీరు ఇంతేనన్నాడు.

మా కేసులో ఆ వెనక గది మాయమైంది. అమ్మ ఐస్ పెట్టే మంచం దాకా ప్రేక్షకులు వచ్చేశారు, ఎందుకంటే అమ్మే ఒక ప్రేక్షకురాలు. పైగా గాఫ్‌మన్ చూసిన హోటల్లో వడ్డన అయిపోతే ఆ ప్రదర్శన ముగిసినట్టే. ఆన్‌లైన్‌లో ముగియదు. 2010లో పరిశోధకుడు బెర్నీ హోగన్ ఈ తేడాను బాగా పట్టుకున్నాడు: సోషల్ మీడియాలో మనం చేసేది చాలావరకు ప్రదర్శన కాదు, ప్రదర్శనశాలలో వస్తువులు పెట్టి వెళ్లడం. ఎప్పుడు ఎవరు వచ్చి చూస్తారో మన చేతిలో లేదు. నీలం బూట్ల గొడవ సరిగ్గా అదే. పాత వస్తువూ కొత్త వస్తువూ ఒకే గోడకు వేలాడుతున్నాయి, చూసేవాడు రెండింటినీ పోల్చగలడు.

వేర్వేరు మనుషులు ఒకే గుంపుగా కలిసిపోవడం గురించి ఆలిస్ మార్విక్, డానా బాయిడ్ 2011లో ట్విట్టర్ వాడేవాళ్లను అడిగి రాశారు. ఎదురుగా ఎవరున్నారో కనబడనప్పుడు మనసు ఒక ప్రేక్షకుణ్ని ఊహించుకుంటుంది. ఎవర్ని ఊహించుకుంటున్నామన్న దాన్నిబట్టే మాట మారుతుంది.

నా దగ్గరికి వచ్చేవాళ్లు ఈ ఊహలో ఒకేసారి రెండు పొరపాట్లు చేస్తారు, అవి పరస్పరం వ్యతిరేక దిశల్లో ఉంటాయి. చూసేవాళ్ల సంఖ్యను తక్కువ అంచనా వేస్తారు. మైకేల్ బెర్న్‌స్టీన్ బృందం 2013లో ఫేస్‌బుక్ వాడుకరులను అడిగి, అసలు లెక్కలతో పోల్చి చూస్తే, తమ పోస్టు ఎంతమంది చూశారని వాళ్లు అనుకున్నది నిజంగా చూసినవాళ్లలో 27 శాతమే. కానీ చూసిన ఒక్కొక్కరూ ఎంత శ్రద్ధగా చూస్తున్నారన్నది మాత్రం చాలా ఎక్కువ అంచనా వేస్తారు. థామస్ గిలోవిచ్ బృందం 2000లో ప్రచురించిన ప్రయోగంలో, వేసుకుంటే సిగ్గనిపించే టీషర్టు తొడుక్కుని గదిలోకి వెళ్లిన విద్యార్థులు సగంమందైనా గమనించి ఉంటారనుకున్నారు. గమనించినవాళ్లు దాదాపు అందులో సగమే. చాలామంది చూస్తారు, కొద్దిగా చూస్తారు. కొద్దిమంది చూస్తారు, గుచ్చిగుచ్చి చూస్తారు అని ఇతను నమ్మాడు.

ఇంకో ముక్క ఎడ్వర్డ్ టోరీ హిగ్గిన్స్ 1987లో ఇచ్చిన సిద్ధాంతం. 'ఇలా ఉండాలని నా ఆశ' అనే మనిషికీ ఉన్న మనిషికీ దూరం పెరిగితే దిగులు వస్తుంది. 'ఇలా ఉండి తీరాలి' అనే మనిషికీ ఉన్న మనిషికీ దూరం పెరిగితే భయం, ఆందోళన వస్తాయి. మొదట్లో ఆ పరుగెత్తే యువకుడు ఇతని ఆశ. వేలమంది చేరాక అదే బాకీ అయింది. నిరాశ కన్నా ఆందోళన స్కోరు ఎందుకు ఎక్కువో నాకు ఇక్కడ అర్థమైంది.

ఒక క్యాప్షన్‌ను విప్పి చూడటం

అకౌంట్ మూసేయమని నేను చెప్పలేదు. మూసేస్తే భయం తగ్గుతుంది గానీ, ఆ భయం నిజమో కాదో ఎప్పటికీ తేలదు. బదులుగా, ఒకే ఒక్క పోస్టును తీసుకుని దాని వెనక జరిగిందంతా చెప్పమన్నాను. ఈ పని మీద చాలాసేపు గడిపాం. ఇలాంటి కేసుల్లో దీన్ని మించిన ఎక్స్‌రే నాకు తెలియదు.

పోస్టు చూడటానికి మామూలుగా ఉంది. పరుగెత్తే క్లిప్, కింద ఒక్క వాక్యం: 'నొప్పి ఒక భ్రమ. లేచి కదులు.' ఫోన్‌లోని నోట్స్‌లో దాని పాత రూపాలన్నీ ఉన్నాయి. మొదటిది, 'ఈరోజు కాళ్లు బరువుగా ఉన్నాయి.' ఎందుకు తీసేశారు?

"మేనేజరు చూస్తారు. నిన్న సెలవు అడిగాను."

రెండోది, 'నెమ్మదిగా అయినా సరే.'

"శిక్షకులు నవ్వుతారు. నా వేగం గురించి ఇదివరకే ఒకరు కామెంట్ పెట్టారు."

తర్వాతి దాంట్లో డాక్టరు ప్రస్తావన ఉంది. "అమ్మ టెన్షన్ పడుతుంది." ఆ తర్వాతి దాంట్లో ఒక స్మైలీ. "ఆ అమ్మాయికి చేరుతుంది. నేను సంతోషంగా ఉన్నట్టు మరీ చూపించుకుంటున్నానని అనుకుంటుంది."

ఒక్కో మనిషి వచ్చి ఒక్కో మాట కొట్టేసి పోయాడు. చివరికి మిగిలిన వాక్యంలో ఎవరికీ అభ్యంతరం లేదు. అందులో అతను కూడా లేడు.

'నొప్పి ఒక భ్రమ' ఎవరికోసం అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. అప్పుడు ఒక పాత సహోద్యోగి పేరు చెప్పాడు. పరుగు మొదలుపెట్టిన కొత్తలో "ఇదెన్నాళ్లులే, చూస్తాంగా" అన్న మనిషి. ఆయన మిమ్మల్ని ఫాలో అవుతున్నారా? లేదు. ఎప్పుడైనా స్టోరీ చూశారా? జాబితాలో ఎప్పుడూ కనబడలేదు. "కానీ నాది పబ్లిక్ అకౌంట్ మేడమ్. చూడట్లేదని ఏముంది?"

ఈ జవాబులోనే కేసంతా ఉందని నాకనిపించింది. నిజమైన గదిలో ప్రేక్షకుడు లేచి వెళ్లిపోతే కుర్చీ ఖాళీ అవుతుంది, కంటికి కనబడుతుంది. ఇక్కడ ఒక మనిషి చూడట్లేదని తేల్చుకునే దారే లేదు. కాబట్టి ఒకసారి లోపల కూర్చున్న న్యాయమూర్తి ఎన్నటికీ లేవడు. స్టోరీ చూసినవాళ్ల జాబితాను ఇతను రోజుకు పదిసార్లు తిరగేసేది ఆ కుర్చీలో ఎవరున్నారో తెలుసుకోవడానికే. జాబితా ఆ సంగతి చెప్పలేదు, మళ్లీ తిరగేయమని మాత్రం పురిగొల్పుతుంది.

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో సామాజిక ఆందోళన మీద ఇచ్చిన నమూనాలో, భయపడే మనిషి తనను కాపాడతాయనుకుని చేసే చిన్నచిన్న పనులే ఆ భయాన్ని బతికిస్తాయని ఉంటుంది. రోగనిర్ధారణ వేరైనా ఆ లెక్క ఇక్కడ అచ్చంగా సరిపోయింది. క్యాప్షన్ తిరగరాయడం, జాబితా చూడటం, కామెంట్లు తీసేయడం, క్లిప్పులు దాచడం, ఒక్కోదాన్ని తగ్గిస్తూ వచ్చాం. జాబితా చూడటం మానడం అన్నిటికన్నా కష్టమైంది. లైకుల సంఖ్యను దాచుకునే వెసులుబాటు 2021 నుంచి ఇన్‌స్టాగ్రామ్‌లో ఉంది, అది ఆన్ చేసుకున్నాడు. కొంతే ఉపయోగపడింది. సంఖ్య ఇతని అసలు సమస్య కాదు.

ఒప్పుకోలు వీడియో వద్దన్నాను

కొంత నిద్ర కుదురుకున్నాక ఒకరోజు ఉత్సాహంగా వచ్చాడు. అంతా చెప్పేస్తూ వీడియో తీస్తానన్నాడు. లైటింగ్ లేకుండా, ముఖం కడుక్కోకుండా, ఏడుపొస్తే ఏడుస్తానన్నాడు. "నిజమైన నన్ను చూపిస్తాను" అన్నాడు.

నిజం చెప్పాలన్న కోరిక మంచిది. ఆ వీడియో మాత్రం వద్దన్నాను. దానికీ స్క్రిప్టు అప్పుడే తయారవుతోంది. కెమెరా ముందు కడుక్కోని ముఖం కూడా అలంకరణే. చూసేవాళ్లు ఏడుపును మెచ్చుకుంటే రేపు ఇంకో ఏడుపు బాకీ పడతాడు. మెచ్చుకోకపోతే, తన లోపలి మనిషినే తిరస్కరించినట్టు అనిపిస్తుంది. దాచుకోవడానికి ఏమీ మిగలకపోవడం నిజాయితీ కాదు. నిజాయితీ అంటే ఎవరికి ఏ సంగతి చెప్పాలో వాళ్లకు అది చెప్పడం.

అందుకే ప్రశ్న మార్చాను: ఇందులో మీరు నిజంగా ఎవరికి ఏం బాకీ ఉన్నారు? అమ్మకు ఒక జవాబు బాకీ. అది ఇంట్లో, ఫోన్ లేకుండా, ఎదురుగా కూర్చుని. మేనేజరుకు ఏమీ బాకీ లేడు. వదిలి వెళ్లిన అమ్మాయికి అంతకన్నా లేడు. ఆ పాత సహోద్యోగికి ఎప్పుడూ లేడు. మరి ఫాలోవర్లకు? ఇక్కడ అతను తనంతట తానే మెసేజీలు తెరిచాడు. 'నొప్పి ఒక భ్రమ' పోస్టు కింద ఒకరు రాశారు: "నాకూ కాలు నొప్పి అన్నా, మీ మాట చూసి ఈరోజు కూడా పరిగెత్తా." అది చదువుతుంటే అతని ముఖం మారిపోయింది. అప్పటిదాకా భయమంతా తన పరువు గురించే. వేరొకరి ఎముక గురించి ఆలోచించడం అదే మొదలు. ఆ రోజు నుంచి పని సులువైందని చెప్పను గానీ, దారి తెలిసింది.

ముందు అమ్మతో మాట్లాడాడు. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. ఆ గది వాళ్లది. ఆ తర్వాత నొప్పి గురించి రాసినవాళ్లకు విడివిడిగా మెసేజీలు పెట్టాడు. చివర్లో పోస్టు. వీడియో కాదు, మామూలు అక్షరాలు. ఎముక చిట్లిందని, ఫలానా తేదీ తర్వాత పెట్టినవి పాత క్లిప్పులని, ఎముక మీద ఒకేచోట తగ్గని నొప్పి ఉంటే పరుగు ఆపి డాక్టరును కలవమని. క్షమించమని ఒక్కసారి, ఒక్క వాక్యంలో.

పోస్టు పెట్టకముందు ఏం జరుగుతుందనుకుంటున్నారో కాగితం మీద రాయించాను. సగంమంది వెళ్లిపోతారని, ఆఫీసులో ఎగతాళి చేస్తారని, వార్తల్లోకి ఎక్కుతానని రాశాడు. తర్వాత వారం ఆ కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. కొంతమంది వెళ్లిపోయారు, సగం కాదు. మేనేజరు ఆ పోస్టు చూడనే లేదు, కాలు గురించి అడిగారంతే. కింద ఎక్కువమంది రాసింది తమ తమ కాలినొప్పుల గురించి. అతని మోసం కన్నా వాళ్ల నొప్పే వాళ్లకు ముఖ్యం.

ఒకరు మాత్రం "మమ్మల్ని నమ్మించి మోసం చేశావు" అని రాశారు. ఆ మాట అబద్ధమని నేను సర్దిచెప్పలేదు. అందులో నిజం ఉంది. ఆ మాటను తీసేయకుండా అక్కడే ఉండనివ్వగలరా అని అడిగాను. ఉండనిచ్చాడు. నా దృష్టిలో ఈ కేసులో జరిగిన అతిపెద్ద మార్పు అదే.

తర్వాత

కథ అక్కడితో సర్దుకోలేదు. పాత పాత్ర పోగానే కొత్తది పుట్టింది. 'కోలుకుంటున్న రోజులు' అని రోజుకో పోస్టు మొదలైంది. కట్టు, వ్యాయామం, ఓపిక గురించి నాలుగు మాటలు. చూసేవాళ్లు మెచ్చుకుంటున్నారు. పరిగెత్తే వీరుడి చోటులో గాయపడ్డ వీరుడు వచ్చి కూర్చున్నాడు. ఫిజియోథెరపిస్టు కాలు బాగా కుదురుకుందని చెప్పిన రోజు కొంచెం నిరుత్సాహపడ్డానని అతనే చెప్పాడు. ఇది గమనించి చెప్పగలగడమే మేలు. కోలుకోవడం ఎవరికైనా కంటెంట్‌గా మారితే, కోలుకోకపోవడానికి ఒక కారణం దొరికినట్టే. నా తోటి కౌన్సెలర్లు ఈ మలుపును ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండాలని కోరుతున్నాను, ఎందుకంటే అది బాగుపడటంలాగే కనిపిస్తుంది.

అప్పుడు మేం తెర వెనక చోటు మీద పనిచేశాం. ఎంచుకున్న కొద్దిమందికే కనబడేలా పెట్టుకునేందుకు ఇన్‌స్టాగ్రామ్‌లో 2018 నుంచి ఉన్న క్లోజ్ ఫ్రెండ్స్ జాబితా వాడతానన్నాడు. ప్రయత్నించాడు, వారం తిరిగేసరికి ఆ జాబితాకు కూడా క్యాప్షన్లు తిరగరాస్తున్నాడు. చిన్న వేదికైనా వేదికే. కాబట్టి అసలు పోస్టుకు దారిలేని చోటు కావాలి. వారంలో కొన్ని పనులు ఎవరికీ చెప్పకుండా చేయాలని పెట్టుకున్నాం: ఫిజియోథెరపీ ఒకటి, తమ్ముడితో సాయంత్రం నడక ఇంకొకటి. చెప్పుకోకపోతే ఆ పని జరగనట్టే ఉందని మొదట్లో అనేవాడు. ఆ ఖాళీ ఫీలింగ్‌తో కూర్చోవడమే చికిత్స, దాన్ని త్వరగా పూడ్చకూడదు.

కొత్తగా ఇలాంటి వాళ్లు వస్తే రోజుకు ఎన్ని గంటలు ఫోన్ చూస్తారని అడిగి ఊరుకోవద్దు. ఆఖరి పోస్టులో కొట్టేసిన వాక్యం ఏదని, దాన్ని ఎవరు కొట్టేయించారని అడగండి. అందులో ఏదైనా పోస్టు కోసం శరీరానికో డబ్బుకో ఉద్యోగానికో ముప్పు తెచ్చుకున్నారేమో తప్పకుండా కనుక్కోండి. ఇంట్లోవాళ్లలో ఎవరు ఫాలో అవుతున్నారో తెలుసుకోండి. నా అనుభవంలో గంటల లెక్క కన్నా ఇవి ఎక్కువ చెబుతాయి.

ఇప్పుడు అతని ఆందోళన స్కోరు స్వల్పస్థాయికి వచ్చింది. నిద్ర చాలావరకు కుదురుకుంది. దిగులు కొంత ఉంది, అది ఆ పాత ప్రేమకు సంబంధించింది, దాని మీద ఇప్పుడిప్పుడే మాట్లాడుతున్నాం. డాక్టరు అనుమతితో నడక, పరుగు కలిపి మొదలుపెట్టాడు. వారానికి ఒకటి రెండు పోస్టులు పెడతాడు, కొన్ని వారాలు ఏమీ పెట్టడు. 'ఆగేది లేదు' అన్న మాట తీసేయాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు, నేనూ తొందరపెట్టలేదు. పోయిన నెల ఒక బూట్ల కంపెనీ ఒప్పందం పంపింది, అందులో రోజుకో వీడియో పెట్టాలన్న షరతు ఉంది. వారానికి రెండుకు మార్చమని, గాయం ఉన్న రోజుల్లో మినహాయింపు ఇవ్వమని తనే రాసి పంపాడు. వాళ్ల జవాబు కోసం చూస్తున్నాడు. కాదంటే సంతకం పెట్టనని చెప్పాడు.